సిట్టెమ్మ ఎడమ రెక్క

నౌపడలో కూర్మయ్యను ఇప్పుడు అందరూ ఉప్పు పనివాడిగానే ఎరుగుదురు. నేను మొదట ఎరిగిన కూర్మయ్య వేరు. గ్రంథాలయం కొలువు ముగిశాక, మా ఆవిడ జగదాంబ పుట్టిన ఊరని ఇక్కడ ఇల్లు తీసుకున్నాం. ఆ మొదటి వేసవిలో ఊరగాయలకు కల్లుప్పు తెచ్చి గుమ్మంలో దింపిన మనిషి అతను. తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ, "ఇంకేటైనా కావాలంటే సెప్పండమ్మా, తెస్తాను. పిట్టలొక్కటే, మీరు తినరు గదా," అన్నాడు.

జగదాంబ చెవులు మూసుకుంది. "గుమ్మంలో ఆ మాట ఎత్తకు నాయనా."

"పిట్ట మాట ఎత్తొద్దంటే నాకింక మాటే నేదమ్మా," అని నవ్వాడు.

అది నిజమే. అతని తండ్రి, తాత బురదపిట్టలు పట్టి బతికినవాళ్ళు. అప్పటికి అతనిదీ అదే పని. ఉప్పుమడులు దాటితే సముద్రపు పాయ లోపలికి చొచ్చుకువచ్చి, పోటు తగ్గినప్పుడల్లా కనుచూపుమేర బురద తేలుతుంది. వానలు వెనకబట్టే వేళకు ఆ బురద మీదికి పిట్టలు దిగుతాయి, ఎండలు ముదిరే వేళకు చాలావరకు లేచిపోతాయి. ఎవరో తరుముతున్నట్టు పరుగులు పెట్టే చిన్న ఉల్లంకులు, ఎర్రటి పొడుగు కాళ్ళ మీద చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు నడిచేవి, వాటన్నిటి మధ్య కోడిపెట్టంత ఒళ్ళుతో, కిందికి వంగిన బారెడు ముక్కుతో తిరిగే పెద్ద ఉల్లంకి. దాన్ని ఇక్కడివాళ్ళు కొడవలిముక్కు అంటారు. పైపొరలో పురుగు పొట్టి ముక్కుదానిది, ఆ కింది గుల్ల నడిమి ముక్కుదానిది, లోతున బొరియలో దాక్కున్న పీత కొడవలిముక్కుది. ఒకదాని కంచంలో ఒకటి వేలు పెట్టదు.

"పంపకాలు సరిగ్గా అయిన ఇల్లు బాబూ అది," అనేవాడు కూర్మయ్య. "మనోళ్ళకే సేతకాదు."

పట్టే పద్ధతి అతనే చెప్పాడు. బురదలో వెదురు పుల్లలు గుచ్చి, వాటికి ఉచ్చులు కట్టి, నడుమ ఒక పెంపుడు పిట్టను కాలికి తాడు వేసి విడుస్తారు. దాన్ని దీమం అంటారు. తమ జాతి పిట్ట ఒకటి నిర్భయంగా మేస్తోందంటే అక్కడ భయం లేదని పైన ఎగిరేవి నమ్ముతాయి. మొగలి తడిక వెనక కూర్చున్న మనిషి వాటి కూతే కూసి పిలుస్తాడు. అవి దిగుతాయి. దీమాన్ని మాత్రం ఎవరూ కోయరు, అమ్మరు. అది ఇంటి మనిషి. ఎగిరిపోకుండా ఏటా దాని ఒక రెక్క ఈకలు కత్తిరిస్తారు, అంతే.

కూర్మయ్య ఆఖరి దీమం ఒక కొడవలిముక్కు. అతని భార్య గురమ్మ దానికి సిట్టెమ్మ అని పేరు పెట్టింది. వాళ్ళకు పిల్లలు లేరు. కాన్పులు నిలవలేదు. ఆ సంగతి గురమ్మ ఎన్నడూ ఎత్తేది కాదు, మేమూ అడగలేదు. సిట్టెమ్మ మాత్రం ఆమె ఒళ్ళోకి వచ్చి, ముక్కును ఆమె మోచేతి మీద ఆనించి కళ్ళు మూసేది. ఇంకెవరు పట్టుకున్నా గింజుకునేది.

అటవీ శాఖ వాళ్ళు వచ్చి చెప్పినందుకో, వచ్చే పిట్టలు ఏటికేడు పలచబడినందుకో, లేక వయసు మీద పడినందుకో, కూర్మయ్య ఉచ్చులన్నీ ఒక రోజు పోగేసి తగలబెట్టాడు. ఉప్పుమడుల్లో గురమ్మ పక్కనే పనికి దిగాడు. సిట్టెమ్మ కాలి తాడు విప్పేసి, "ఇంక దానిష్టం," అన్నాడు.

సిట్టెమ్మ వెళ్ళలేదు. ఆ వేసవిలో మంద లేచిపోయినా అది పెరట్లోనే ఉంది. మరుసటేడూ ఉంది. ఆ తర్వాతా ఉంది.

గురమ్మకు అంతకంటే గర్వం ఇంకొకటి లేకుండా పోయింది. ఉప్పు గంపలు మోస్తూ, రైలుకట్ట మీద నడుస్తూ ఆ మాటే. "తాడు నేదు, ఉచ్చు నేదు. అయినా నన్నొదిలి ఎళ్ళదు. నువ్వు పెంచిన మేకైనా ఉంటాదేటే అలగ?" అని పక్కింటి అసిరమ్మను పొడిచేది.

అసిరమ్మ ఊరుకునే మనిషి కాదు. "నా మేక పాలిస్తాదే. నీ పిట్ట ఏటిస్తాది, ఈలలా?"

"ఇయ్యకపోతే ఏటి? ఉన్నాది గదా."

ఆ 'ఉన్నాది' అన్న మాట గురమ్మ నోట పలికినప్పుడు వినాలి. నేను చాలా పుస్తకాలు చదివాను. ఇంత చిన్న క్రియకు అంత బరువు ఉండడం తక్కువగా చూశాను.

నిరుడు జనవరిలో మా పెదనాన్నగారి ముని మనవరాలు సుహాసిని వచ్చింది. ఎచ్చెర్లలో చదువుకుంటోంది. నీటిపక్షుల లెక్క కోసం తన తోటివాళ్ళతో బయలుదేరి, మా ఇంట్లో దిగింది. బురద దారి తెలిసిన మనిషి కావాలంటే కూర్మయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. గట్టు మీద మూడు కాళ్ళ దుర్భిణి నిలబెట్టి ముందు గురమ్మను చూడమంది.

"ఓలమ్మ! దాని గోరు కూడా కనపడతన్నాది," అంటూ గురమ్మ ఆనించిన కన్ను తీయలేదు.

"జరగవే. లెక్క సేసేది ఆ పాప, నువ్వు కాదు," అన్నాడు కూర్మయ్య.

పని అయ్యాక వాళ్ళ పెరట్లో కూర్చున్నాం. సిట్టెమ్మ కుండ చుట్టూ తిరుగుతోంది. సుహాసిని దాన్ని చూసి, "ముక్కు ఇంత పొడుగు ఉందంటే ఆడదే," అంది. తర్వాత, "ఎండలు ముదిరాక ఇవి ఎక్కడికి పోతాయో తెలుసా తాతా?" అని అడిగింది.

"తెలీకేటి! సిలక్కి. ఒరిస్సాలో పెద్ద సెరువు. అటేపే గదా లేస్తాయి. అక్కడ సుట్టాలింట ఉండి మళ్ళీ పుట్టింటికి వస్తాయి."

"చిలక సరస్సులో కొన్ని ఆగుతాయేమో. ఇవి అది దాటి, హిమాలయాలు దాటి, ఆ అవతల చలిదేశాలకు పోతాయి తాతా. మంచు కరిగి గడ్డి లేచే వేళకు చేరాలి. ఆ గడ్డిలోనే గుడ్లు పెడతాయి. వాటి పుట్టిల్లు అదే. ఇక్కడికి తిండికోసం వస్తాయి."

చేతిలో పీతను చిదుపుతున్న గురమ్మ ఆగింది. "ఇక్కడ పెట్టవా గుడ్లు?"

"ఒక్కటీ పెట్టవు అమ్మమ్మా."

"నేను ఏటేటా గంపలో గడ్డేసి పెడతన్నాను."

సుహాసినే సర్దడానికన్నట్టు ఇంకా చెప్పింది. గుడ్లు పొదిగాక తల్లి ముందుగా బయలుదేరి వచ్చేస్తుందట. పిల్లల్ని చివరిదాకా కాచేది తండ్రట. ఆ తండ్రీ వెళ్ళాక పిల్లలు వాటంతట అవే, ఎన్నడూ చూడని దారిలో, ఇంతదూరం వస్తాయట.

"పిల్లల్ని మొగోడు పెంచుతాడా?" గురమ్మ మొగుడి వైపు చూసి నవ్వింది. "ఆ దేశం మంచిదే." మళ్ళీ ఆ నవ్వు దానంతట అది తగ్గింది. "మరి ఇది ఎందుకెళ్ళనేదు పాపా?" అని అడిగి, జవాబు తానే చెప్పుకుంది. "నన్నొదిలి ఎళ్ళలేక."

సుహాసిని పిట్టను చూసింది. కూర్మయ్యను చూసింది. కూర్మయ్య లేచి, పని ఏమీ లేకపోయినా కంచె దగ్గరికి పోయి ఒక కర్ర సరిచేశాడు.

తిరుగుదారిలో ఆ పిల్ల నాతో, "ఆ రెక్క ఒకసారి విప్పి చూడాలి తాతయ్యా. నేను అడిగితే చట్టం మాటలా ఉంటుంది, ఎలాగూ దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు కూడా. మీరు అడగండి," అంది.

నేను అడగవలసిన పని లేకపోయింది. మర్నాడు కూర్మయ్యే వచ్చి మా అరుగు చివర కూర్చున్నాడు.

"కార్తీకంలో అది కోతలకెళ్తాది గదా పంతులు బాబూ," అన్నాడు. 'అది' అంటే గురమ్మ. "అప్పటికి సిట్టెమ్మకి పాత ఈకలు రాలి కొత్తవి వచ్చుంటాయి. అప్పుడు కోసెస్తాను. ఎడం రెక్క. సివరి రెండీకలూ ఉంచి, నడిమివి. ముడిసినప్పుడు నిండుగా కనపడతాది. మా అయ్య నేర్పిన పనే."

"వేట మానేశాక కూడానా?"

"మానేశాకే దాచి కోయడం. ముందు దాచక్కర్లేదు గదా. మొదటేడు సెయ్యి అలవాటు కొద్దీ కోసినాది బాబూ, ఒట్టు. ఆ ఏడు పిట్ట ఎళ్ళకపోతే అది నవ్విన నవ్వు సూసినాను. పెళ్ళయిన కాడ్నుంచి సూడనేదు అలాటి నవ్వు. రెండో ఏడు అలవాటు కాదు."

అతను సలహా కోసం రాలేదని తెలుస్తూనే ఉంది. సుహాసిని చెప్పిన గడ్డిలో గుడ్ల మాట అతన్ని పట్టుకుంది. ఇన్నాళ్ళూ పిట్టను చుట్టాలింటికి పోకుండా ఆపాననుకున్నాడు. దాని పురిటి ఇంటికే పోకుండా ఆపానని ఇప్పుడు తెలిసింది.

"కోసిన ఈక మళ్ళీ రాలే కాలం దాకా పెరగదు," అన్నాడు. "ఆ మోడుల్ని మొదలంటా పీకితే కొత్తది మొలుస్తాది. ఇప్పుడు పీకితే మంద లేసే నాటికి అందొచ్చు. అందకపోవచ్చు. నెత్తురు కారి సచ్చిపోనూవచ్చు. పట్టుకునేవాళ్ళు కావాలి. మా దాని ఒళ్ళో తప్ప పిట్ట కదలకుండా ఉండదు."

అంటే గురమ్మకు చెప్పాలి. చెప్పకుండా ఈ పని కాదు. అతని భయమంతా అక్కడే ఉంది.

రథసప్తమికి గురమ్మ అరసవల్లి వెళ్ళి వచ్చింది. ఆ మర్నాటి సాయంత్రం చెప్పాడు. ఆ మాటలు తర్వాత ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. ఇద్దరి మాటా ఒక్కటే అయింది కనుక అలాగే జరిగి ఉంటుంది.

"సిట్టెమ్మని ఒళ్ళోకి తీసుకో."

"ఏటయినాది దానికి?"

"తీసుకో ముందు."

ఎడమ రెక్క విప్పి చూపించాడు. నడిమి ఈకలన్నీ తాటాకు చూరు కత్తిరించినట్టు ఒక్క వరసలో తెగి ఉన్నాయి.

"ఎవుడు కోసినాడు?"

"నేనే."

"ఎప్పుడు?"

"ఏటా. నువ్వు కోతలకెళ్ళినప్పుడు."

గురమ్మ రెక్కను తానే మెల్లగా మడిచి, పిట్ట ఒంటికి ఆనించింది. "ఊరంతా సెప్పుకున్నాను గదరా," అంది. "నన్నొదిలి ఎళ్ళదని నా నోటితో సెప్పుకున్నాను. అసిరమ్మకి సెప్పినాను. ఆ సదువుకున్న పిల్లకి సెప్పినాను. నువ్వు పక్కనే ఉన్నావు."

"నువ్వు నవ్వుతావని..."

"నా నవ్వు నీ కత్తెర్లో ఉన్నాదేటి?"

కూర్మయ్య మోడులు పీకాల్సిన సంగతి చెప్పాడు. నొప్పి ఉంటుందని, ప్రాణం మీదికి రావచ్చని, రెండు మూడు రోజులకొకటి చొప్పున తీయాలని, ఆమె పట్టుకోవాలని చెప్పాడు.

"ఇన్నాళ్ళూ నువ్వొక్కడివే సేసినావు. ఇప్పుడు నన్నూ కలుపుతన్నావు," అంది గురమ్మ. చీర చెంగు పిట్ట కళ్ళ మీదికి లాగి, "పీకు," అంది.

మొదటి ఈక వచ్చినప్పుడు సిట్టెమ్మ పెట్టిన కేక విని అసిరమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "కోస్తన్నారేటే?" అని అరిచిందట. పట్టుకున్నది గురమ్మ కాబట్టి పిట్ట పారిపోవడానికి చూడలేదు. ఆ తర్వాత మాత్రం ఒళ్ళోకి రావడం మానేసింది. ఈక తీసే రోజున మూల వెతికి పట్టుకోవలసి వచ్చేది. పట్టుకుంటే మళ్ళీ కదిలేది కాదు. గురమ్మకు అదే ఎక్కువ బాధ. "గింజుకుంటే బాగుణ్ణమ్మా," అని జగదాంబతో అంది. "నన్ను నమ్మి ఊరుకుంటాది."

మొగుడితో అవసరమైన మాట తప్ప మాట్లాడేది కాదు. కూడు వడ్డించేది. మడి దగ్గర అతను లాగిన ఉప్పును మునుపటిలా గంపలకెత్తడం మాని వేరే మడి చూసుకునేది. ఇద్దరూ జతగా పని చేసిన చోట అలా విడివిడిగా ఉండడం అందరికీ కనబడింది. ఎవరూ పరాచికానికైనా కదపలేదు.

ఈకల మొలకలు వచ్చాయి. నీలపు ఒరల్లో, నెత్తురు నిండి, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయట. ఒకటి మాత్రం దెబ్బతిని పొట్టిగా ఆగిపోయింది. ఆ ఒక్కటీ లేకుండా కొండలు దాటగలదా అని కూర్మయ్య నన్నడిగాడు. నాకు తెలియదు. సుహాసినికి ఫోను చేస్తే తనకూ తెలియదంది. "ఒక్కదానికి పర్వాలేదనుకుంటాను. కానీ బాగా తినాలి. బయలుదేరే ముందు అవి మామూలు కంటే చాలా బరువెక్కుతాయి. దారి బత్తెం ఒంట్లోనే మోసుకుపోవాలి," అంది.

ఆ మాట గురమ్మకు చేరింది. పోటు తగ్గగానే మోకాలి లోతు బురదలోకి దిగి, బొరియల్లో చేయి పెట్టి పీతలు తీసి తెచ్చేది. ఫాల్గుణం నాటికి సిట్టెమ్మ మెడ కిందా పొట్టా గుండ్రంగా తేలాయి. పొద్దు వాలే వేళకు ఉత్తరం కంచె వెంట ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు మొదలుపెట్టేది. ఆగదు. తినదు. తలెత్తి చూసి మళ్ళీ పరుగు.

"ముందేడాదీ ఇలాగే సేసినాది," అంది గురమ్మ నాతో. "ఆడుకుంటన్నాదనుకునేదాన్ని. అసిరమ్మని పిలిసి సూపించేదాన్ని."

మొదటిసారి రెక్కలు విప్పి కంచె దాటి ఉప్పుమడిలో పడింది. పనివాళ్ళు పగలబడి నవ్వారు. "కూర్మయ్య మావా, నీ పిట్ట ఉప్పులో ఊరతన్నాది, కారం తెమ్మంటావేటి?" గురమ్మ పరిగెత్తి తీసి కడిగింది. రెండోసారి గట్టు దాకా వెళ్ళింది. ఆపైన ఒక రోజు బురద మీదికి వెళ్ళి, మందకు కాస్త ఎడంగా నిలబడి మేసింది. చీకటి పడేలోగా తిరిగి వచ్చింది. కొన్నాళ్ళు అలా వస్తూ పోతూ ఉంది. ఒకనాడు రాలేదు.

ఉగాది వెళ్ళిన తర్వాత, ఒక సాయంత్రం కొడవలిముక్కులు లేచాయి. ఆ వేళకు నేనూ గట్టు మీద ఉన్నాను. ముందు నాలుగైదు లేచి కూస్తూ చుట్టూ తిరిగాయి. ఇంకొన్ని లేచి కలిశాయి. గుంపు ఒకసారి చెదిరి, మళ్ళీ సర్దుకుని వంకర గీతలా సాగింది. ఏది ఏదో తెలిసే వీలు లేదు. కింద ఇంకా కొన్ని మిగిలి మేస్తున్నాయి.

"పిలిసి సూడనా?" అన్నాడు కూర్మయ్య మెల్లగా. "నా కూతకి మన సిట్టెమ్మ ఒక్కటైనా తిరుగుతాది. అందులో ఉన్నాదో నేదో తెలుస్తాది."

"తెలవక్కర్లేదు," అంది గురమ్మ. గీత కనబడనంత దూరం పోయేదాకా ఇద్దరూ నిలబడ్డారు. తర్వాత ఎవరి దారిన వారు ఇంటికి నడిచారు.

వేసవిలో అన్నీ పోవని ఇక్కడ బురద దగ్గర బతికేవాళ్ళకు తెలుసు. ఏడాది నిండని పిల్లలు ఉండిపోతాయి. పుట్టింట్లో అప్పుడే పనిలేదు వాటికి. బలం చాలనివీ, దెబ్బతిన్నవీ ఉంటాయి. ఆ ఎండలో, ఉప్పు మంటలో, మిగిలిపోయిన పిట్టలను ఎవరూ పట్టించుకోరు. నిరుడు వేసవంతా గురమ్మ వాటినే పట్టించుకుంది. పని దిగగానే గంప బోర్లించి, చీర పైకి దోపి బురదలోకి పోయేది. సిట్టెమ్మ కాలికి పాత తాడు ఒరిసిన చోట ఒక నల్లటి కాయ ఉంది. ఆ కాయ కోసమే మిగిలిన కొడవలిముక్కుల కాళ్ళన్నీ ఒక్కొక్కటిగా చూసేది. చూసి వచ్చి, ఏమీ చెప్పకుండా గంప ఎత్తుకునేది. కూర్మయ్య ఆమె ముఖం వైపు చూడకుండా ఉప్పు లాగుతూ ఉండేవాడు. అడిగే చనువు ఇంకా తిరిగి రాలేదు.

ఒకసారి ఆమె కోరిక ఏమిటో నాకు అర్థం కాక అడిగాను. "కనబడాలనా గురమ్మా, కనబడకూడదనా?"

"కనపడితే మా సేతకానితనం బాబూ," అంది. "ఆ పొట్టి ఈక వల్ల ఆగిపోనాదని. కనపడకపోతే అది ఎళ్ళినట్టు." గంప తలకెత్తుకుంటూ, "నేకపోతే ఏ నక్కో తిన్నట్టు. దాన్ని గురించి ఆలోసించను," అంది.

తొలకరికి ముందు, మడులు ఎత్తేసే రోజుల్లో, పాయ అవతలి ఒడ్డున కుంటుతూ మేస్తున్న ఒక కొడవలిముక్కు ఆమె కంటబడింది. ఒక్కటే ఉంది. ఒళ్ళు అదే రంగు, ముక్కు అంతే పొడుగు. ఆ ఉదయం నేను ఉప్పు కోసం అక్కడికి వెళ్ళి ఉన్నాను. గురమ్మ చేతిలో పని వదిలేసి పాయలోకి దిగింది. నడుము లోతు నీళ్ళు. కూర్మయ్య ఉప్పు లాగే పలకను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె అవతల ఎక్కి, వంగి, అడుగులో అడుగు వేస్తూ వెళ్ళింది. పిట్ట రెండడుగులు జరిగింది. ఆమె ఆగింది. అది మళ్ళీ మేతలో పడింది. ఆమె మరింత దగ్గరికి పోయింది. అది ఒక్క ఊపున లేచి, కాళ్ళు వేలాడేసుకుని ఆమె తల మీదుగా ఎగిరి దూరంగా దిగింది.

తడి చీర కాళ్ళకు చుట్టుకుంటుంటే ఆమె తిరిగి వచ్చింది. కూర్మయ్య ఇంకా అక్కడే ఉన్నాడు.

"మనది కాదు," అంది. అతను అడగకుండానే చెప్పింది. "కాలు నున్నగా ఉన్నాది."

అతను తలాడించాడు. గురమ్మ కొంగు పిండుకుని, అతని చేతిలోని పలక అందుకుంది.

"జరుగు. ఈ మడి నేను లాగుతాను. నువ్వు గంపలకెత్తు."